సోఫా పనివాడి హెడ్‌ఫోన్లు

మా ఆయన సంగీతమంటే చెవి కోసుకుంటాడు. కోసుకున్నా పెద్ద నష్టం లేదు లెండి, చెవుల విషయంలో దేవుడు ఆయనకి ధారాళంగానే ఇచ్చాడు. మా పెళ్లి ఫోటోలో ముందు ఆ చెవులు కనిపిస్తాయి, తర్వాత ఆయన, ఆ తర్వాత నేను.

మాది సోఫాలు బాగుచేసే కొట్టు. చిరిగిన సోఫా తెచ్చిస్తే పాత గుడ్డ ఊడదీసి, అణిగిపోయిన స్పాంజి పీకేసి, కొత్త ఫోమ్ పరిచి, పైన రెక్సిన్ బిగించేది ఆయన. తొడుగులు కుట్టేది నేను. కింద వీధి వైపు గది కొట్టు, పైన రెండు గదులు ఇల్లు. కొట్టు వెనక వాటాలో మా ఓనరమ్మ ఉంటుంది. ఒంటరి మనిషి, ఉద్యోగం అయిపోయి ఇంటిపట్టునే ఉంటోంది. మాకు పొద్దున మెట్లు దిగితే పని, సాయంత్రం మెట్లెక్కితే ఇల్లు. ఇలాంటి వాటం మళ్లీ దొరకమన్నా దొరకదు.

ఇంత సుఖంగా ఉన్న సంసారంలోకి గిటారు దూరింది. జుట్టు నెరిశాక మా ఆయనకి చిన్ననాటి కోరిక గుర్తొచ్చింది. కరెంటుతో పలికే గిటారు ఒకటి, దానికి తోడు సూట్‌కేసంత స్పీకరు పెట్టె ఒకటి మోసుకొచ్చాడు. ఆ పెట్టెని యాంప్ అంటారట. రోజూ కొట్టు మూయడం, మొహం కడుక్కోవడం, కుర్చీలో చేరడం, మొదలెట్టడం. ఒకటే పాట. సగం దాకా బాగానే వస్తుంది. అక్కడ వేళ్లు తడబడతాయి. మళ్లీ మొదటికొస్తాడు. మళ్లీ సరిగ్గా అక్కడే పడతాడు. ఆ గుంట ఎక్కడుందో వీధిలో పోయేవాళ్లకి కూడా తెలిసిపోయింది.

కింద వాటాలో ఓనరమ్మ మంచం సరిగ్గా ఆ కుర్చీకి అడుగున ఉంది. మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కదు. ఒకరోజు పొద్దున్నే కింద నిలబడి ఇద్దర్నీ పిలిచింది.

"చూడు నాయనా," అంది మా ఆయనతో. "నువ్వు వాయించుకుంటావో, నీళ్లలో కలుపుకుని తాగుతావో నాకనవసరం. నాకు మాత్రం వినపడకూడదు. ఇంకొక్కసారి ఆ మోత నా చెవిన పడిందంటే కొట్టూ ఇల్లూ రెండూ ఖాళీ చేయాల్సిందే."

"ఏదో సరదాకి పిన్నిగారూ..." అని నసిగాను నేను.

"సరదా ఆయనదీ, తలనొప్పి నాదీనా?" అని తలుపేసుకుంది.

పైకి రాగానే నేను నోరు విప్పాను. "ఆ దిక్కుమాలిన గిటారు అమ్మి పారేయండి. కొట్టు పోతే ఇద్దరం దాన్ని మెళ్లో వేసుకుని వీధులు తిరుగుదామా?" అన్నాను.

"సరే, అమ్మేద్దాంలే," అన్నాడు మెల్లగా, తీగలు తుడుస్తూ.

అరిచి ఉంటే నేనూ నాలుగు అరిచేదాన్ని. మెల్లగా అనేసరికి తీగలు తుడిచే ఆ చేతుల వైపు చూశాను. పొద్దస్తమానం మేకులు కొట్టి కొట్టి కాయలు కాసిన చేతులవి. నన్నెప్పుడూ ఏదీ అడగని మనిషి. మనసు చివుక్కుమంది, దానికి తోడు కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియక యాంప్ మీదికి తిరిగాను. దాని ముందు వైపు ఒక కన్నం కనబడింది.

"ఇదేమిటి?"

"హెడ్‌ఫోన్ల వైరు గుచ్చేది. గుచ్చితే స్పీకరు ఆగిపోతుంది. మోతంతా మన చెవుల్లోకే వస్తుంది."

"మరి ఇన్నాళ్లూ నోట్లో బెల్లంముక్క పెట్టుకున్నారా?"

"అవి నా చెవులకి పడవే. ఎప్పుడో ఒకసారి పెట్టి చూశాను. కాసేపటికే మంట, పోటు. నీకు తెలియదు."

"పడేవి దొరికేదాకా వెతుకుదాం. చొక్కా మార్చుకోండి," అన్నాను.

బజార్లో గిటార్లూ అవీ అమ్మే కొట్టుకి వెళ్లాం. గోడనిండా హెడ్‌ఫోన్లే. కొట్టాయన బట్టతల మనిషి, మెళ్లో తనకీ ఒక జత వేలాడుతోంది. "దేనికి కావాలండీ?" అని మర్యాదగా అడిగాడు.

"పాటలు వినడానికీ, గిటారు వాయించుకోవడానికీ," అన్నాడు మా ఆయన, అదేదో చేయకూడని పనైనట్టు గొంతు తగ్గించి.

కొట్టాయన తళతళలాడే జత ఒకటి తీసి ఇచ్చాడు. ఎవరైనా ఏం చేస్తారు? నెత్తిన పెట్టుకుంటారు. మా ఆయన దాన్ని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, చెవికి ఆనే మెత్తను బొటనవేలితో నొక్కాడు. అది పైకి లేచేదాకా చూశాడు. వాసన చూశాడు. తిరగేసి కుట్లు లెక్కపెట్టాడు.

"ఇది ఆర్నెల్లు తిరిగేలోపు పొట్టు రాలుతుంది. లోపల ఫోమ్ కూడా నాసిరకం," అన్నాడు.

"ముందు సౌండు వినండి సార్!"

"కూర్చునే చోటు బాగుంటే కదా సార్, కూర్చుని వినేది?"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కొట్టాయనకీ అంతే. బలవంతాన నెత్తిన పెట్టించి, తన గిటారు ఒకటి చేతికిచ్చాడు. ఆ హెడ్‌ఫోన్లు వైరు లేని రకం. మా ఆయన తీగ మీటితే మోత కాస్సేపాగి చెవుల్లో పలుకుతోందట. అచ్చం నేను పిలిస్తే ఆయన పలికినట్టు. ఆయనకి తగిన శాస్తే అనుకున్నాను గానీ కొట్టాయనే వద్దన్నాడు. "వైరు లేనివి పాటలు వినడానికి హాయిగా ఉంటాయండీ. వాయించేటప్పుడు ఈ ఆలస్యం చేతికి అడ్డొస్తుంది. మీకు వైరుదే మంచిది."

తర్వాతది పెట్టుకుంటే అంతా దబదబా డప్పులే, తీగ ఎక్కడుందో తెలియడం లేదన్నాడు. దాని తర్వాతది బాగా పలికింది గానీ గిన్నె చిన్నది, చెవిని మడిచి నొక్కేసింది. పాట సగమయ్యేసరికి ఆయన చెవులు ఎర్రగా కందిపోయాయి. అలాంటివే ఇంకో రెండు చూశాం. ఆయన మొహం చూస్తే, ఇక ఇంటికి పోయి గిటారు అమ్మేద్దాం అనేలా ఉన్నాడు.

నాకు ఒళ్లు మండింది. నా మెళ్లో ఎప్పుడూ టేపు ఉంటుంది. తీసి, అక్కడే, అందరి ముందూ, మా ఆయన చెవి కొలిచాను. పొడవు, వెడల్పు, తలనుంచి ఎంత ముందుకొచ్చిందో అదీ. "ఈ కొలతకి పైన రెండు వేళ్లు వదులు చూసి తీయండి. గిన్నెలో చెవి ఇమడాలి గానీ చెవి మీద గిన్నె కూర్చుంటే ఎలా?" అన్నాను.

కొట్టాయన నవ్వుకుంటూ నిచ్చెనెక్కి పై అరలోంచి పెద్ద జత ఒకటి దించాడు. చెవి మెత్తలు బూడిదరంగు గుడ్డవి. వెనకవైపు డొప్పలకి బదులు ఇనుప జల్లెడ. మా ఆయన నొక్కాడు. వాసన చూశాడు. ఏమీ అనలేదు. అనలేదంటే నచ్చిందని. నెత్తిన పెట్టుకుని, కళ్లు మూసుకుని, తీగ మీద వేలు జార్చాడు.

"అయ్యబాబోయ్. వేలు జారడం కూడా వినపడుతోందే," అన్నాడు.

నేనూ పెట్టుకుని చూశాను. నిజమే. గిటారు చెవుల్లో కాదు, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నట్టుంది. తల మీద బరువే తెలియడం లేదు.

"వీటిని ఓపెన్ బ్యాక్ అంటారండీ," అన్నాడు కొట్టాయన. "వెనక తెరిచి ఉంటుంది కాబట్టే సౌండు అంత విశాలంగా ఉంటుంది, చెవులు ఉడకవు. కాకపోతే బయటికి కొంచెం వినపడుతుంది. పక్కన కూర్చున్నవాళ్లకి దోమ పాడినట్టు ఉంటుందంతే."

"కింద వాటాలోకి?"

"కింద వాటా దాకా ఎక్కడమ్మా, పక్క గదిలోకి కూడా పోదు."

ధర విని నేను గుండె పట్టుకున్నాను. అయినా కొన్నాం. కొట్టూ ఇల్లూ వదులుకోవడం కంటే నయమే కదా.

నాలుగు రోజులు స్వర్గం. స్వర్గం ఆయనకి. కొట్టు మూయగానే తల మీద పెట్టుకుని, వైరు గుచ్చుకుని, సౌండు గట్టిగా పెట్టుకుని, ఒకటే వాయించడం. నాకు వినపడేది ఉత్త తీగల టిక్కుటిక్కు. ఓనరమ్మ కుళాయి దగ్గర కనబడితే నవ్వింది కూడా. ఇక నేను ఆ గదిలో ఒక్కదాన్నే. "భోజనం చేద్దురు రండి," అంటే తలూపుతాడు, లేవడు. "మీకసలు బుద్ధుందా?" అంటే తలూపుతాడు. తిట్టడానికి తిట్లున్నాయి, వినేవాడు లేడు. ఇంతకంటే పెద్ద శిక్ష ఏ ఆడదానికీ వద్దు.

ఐదో రోజు సెలవు. నేను కొట్లోకి దిగేసరికి హెడ్‌ఫోన్లు కత్తిరింపు బల్ల మీద బోర్లా పడుకుని ఉన్నాయి. ఆయన చెవి వెనక సుద్దముక్క, చేతిలో ఫోమ్ కోసే కత్తి.

"ఏమండీ, ఏం చేస్తున్నారు?"

"వీటి వెనక చూశావా? మూయకుండా వదిలేశారు."

"అవి అలాగే ఉండాలని ఆయన చెప్పాడు కదా!"

"పని ఎగ్గొట్టినవాడు ఎప్పుడూ అలాగే చెప్తాడు. గోడ వైపు పోయేదే కదా అని సోఫా వెనక పాత గోనెపట్టా కొట్టి ఇచ్చేవాళ్లని నువ్వు చూళ్లేదా? అడిగితే గాలి ఆడడానికంటారు. నా చేతి మీదుగా అలాంటి సరుకు ఒక్కటి వెళ్లిందా?"

"వెళ్లలేదు గానీ, ఇది సోఫా కాదండీ."

"పైగా బయటికి కొంచెం వినపడుతుందన్నాడు. ఆ కొంచెం ఓనరమ్మ చెవిన పడిందనుకో, అప్పుడు?"

అక్కడ దొరికిపోయాను. ఖాళీ చేయాల్సొస్తుందన్న భయం నాకు లేదా? పిచ్చి కుదిరింది, తలకి రోకలి చుట్టమన్నాడట వెనకటికెవడో. మా ఆయన ఫోమ్ చుట్టమన్నాడు. నేను చుట్టాను కూడా.

జల్లెడ మీద రెండు వరసల ఫోమ్ గుండ్రంగా కోసి అతికించాడు. దాని మీద డాక్టరుగారి సోఫాకి వాడగా మిగిలిన మెరూన్ రెక్సిన్. చుట్టూ అంచుల్లో తాడు పెట్టి కుట్టే పైపింగు. ఎలాగూ మొదలెట్టాం కదా అని చెవి మెత్తల్ని కూడా లావు చేసి, వాటికీ రెక్సిన్ తొడిగాం. నడినెత్తి మీద పట్టీకి చిన్న దిండు. చివరికి డొప్పల మధ్యలో చెరో గుండీ లాగి బిగించాడు. నేను తిడుతూనే కుట్టాను. ఆ పైపింగు మాత్రం, చెప్పుకోకూడదు గానీ, ముచ్చటగా వచ్చింది. బల్ల మీద పెట్టి చూస్తే రెండు బుల్లి సోఫాలు మాట్లాడుకుంటున్నట్టున్నాయి.

సాయంత్రం ఆయన వాటిని నెత్తికెత్తుకుని, వైరు గుచ్చి, తీగ మీటాడు. మొహం వాడిపోయింది.

"ఏమైందండీ?"

ఆయనకి నా మాట వినపడలేదు. ఒకవైపు డొప్ప లాగాను. సీసా మూత తీసినట్టు టప్‌మంటూ చెవి మీంచి ఊడొచ్చింది.

"నూతిలో కూర్చుని ఎవరో వాయిస్తున్నట్టుందే," అన్నాడు దిగులుగా.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఇదే. అతికించిందంతా పీకేద్దామని చూశాం. అది మా జిగురు. సోఫాలో చెక్క చీలాలి గానీ గుడ్డ ఊడదని అందరికీ గొప్పగా చెప్పుకునే జిగురు. కొంచెం గట్టిగా లాగితే జల్లెడ కూడా వంగుతోంది. "మీ పనితనం మండిపోనూ," అన్నాను. ఆయన వినలేదు. మళ్లీ నెత్తిన బిగించుకుని, గట్టిగా పెడితే సరిపోతుందేమోనని యాంప్ మీద మీటలన్నీ తిప్పి, కళ్లు మూసుకుని మొదలెట్టాడు.

అప్పుడు మొదలైంది అసలు ఉపద్రవం. వాయించేటప్పుడు కూనిరాగం తీయడం ఆయనకి అలవాటే. ఇదివరకు తన గొంతు తనకే వినపడి సిగ్గేసి ఆగిపోయేవాడు. ఇప్పుడు చెవులకి రెండు సోఫాలు అడ్డం. తను పాడుతున్నానన్న సంగతే తెలియదు. మెల్లగా మొదలై, కాసేపటికి ఇంటి కప్పు అదిరేలా గొంతెత్తాడు. గిటారుకి తీగలు బిగించే మరలైనా ఉన్నాయి, ఆ గొంతుకి ఏమున్నాయి? వెళ్లి భుజం పట్టి ఊపాను. మెచ్చుకుంటున్నాననుకుని నవ్వి, ఇంకా పై స్థాయికి పోయాడు.

మెట్ల మీద చప్పుడైంది. ఒక మెట్టు, ఆగడం, ఇంకో మెట్టు, ఆగడం. మోకాళ్ల నొప్పులతో ఎన్నేళ్లుగానో మెట్లెక్కని మనిషి ఎక్కి వస్తోంది.

ఓనరమ్మ గుమ్మంలో నిలబడి రొప్పుతూ చూసింది. మా ఆయన కళ్లు మూసుకుని, మెరూన్ చెవులతో, గొంతు నరాలు పొంగేలా పాడుతున్నాడు.

"ఏమిటమ్మా ఆ నెత్తిన?" అంది.

"హెడ్‌ఫోన్లండీ. మీకు వినపడకూడదని కొన్నాం. ఇంకా వినపడకూడదని మేమే తొడుగులు కుట్టాం." అంతవరకు చెప్పానో లేదో, కొట్టు, మిషను, కిటికీ పక్కన నా మంచం అన్నీ వీధిలో పెట్టినట్టే కనిపించాయి. ఏడుపొచ్చేసింది.

మా ఆయన కళ్లు తెరిచాడు. ఆమెని చూసి ఎగిరి లేచాడు. ఆ లేవడంలో వైరు ఊడింది, స్పీకరు మేలుకుంది, గిటారు భళ్లుమని అరిచింది. ఆయన హడలిపోయి హెడ్‌ఫోన్లు తీసి ఆమె చేతిలో పెట్టాడు. "తప్పైపోయింది పిన్నిగారూ. ఇవి తీసుకోండి, ఇదిగో గిటారు కూడా తీసుకుపోండి. కొట్టు మాత్రం ఖాళీ చేయమనకండి."

ఆమె వాటిని అటూ ఇటూ తిప్పింది. బొటనవేలితో నొక్కి చూసింది. "ఇంత మోత చేసేవాడికి ఇందులో ఏం వినపడుతోందో," అని గొణుక్కుంటూ తన చెవులకి తగిలించుకుంది.

"వాయించు నాయనా, విందాం," అంది.

వైరు నేలమీద పడుంది. ఆ సంగతి ఆమెకి తెలియదు, చెప్పే ధైర్యం మాకు లేదు. మా ఆయన వాయించాడు. మోతంతా స్పీకర్లోంచి గదినిండా వచ్చింది. నేను కళ్లు గట్టిగా మూసుకున్నాను.

"వాయించవేం నాయనా?" అంది ఆమె మళ్లీ.

"వాయిస్తున్నానండీ!"

"ఊఁ, కానీ. మొదలెట్టు."

మేమిద్దరం మొహమొహాలు చూసుకున్నాం. ఆయన గట్టిగా వాయించాడు. వీధిలో లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. నేను పరీక్షకని వంటగదిలోంచి మూత తెచ్చి ఆమె వెనక నేలమీద పడేశాను. ఆమె కదల్లేదు. మెల్లగా వెళ్లి మా కుర్చీలో కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుంది. అలా ఎంతసేపుందో. నిద్రపోయిందేమో అనుకున్నాం. తీసేటప్పటికి ఆమె కళ్లు చెమ్మగిల్లి ఉన్నాయి.

"నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేశానమ్మా," అంది. "ఉద్యోగమంతా ఇలాంటివి చెవులకి తగిలించుకుని ఊరివాళ్ల మాటలు వినడమే. ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, ఎవరికి ఎవరి మీద కోపం. ఇంటికొచ్చి పడుకున్నా హలో హలో అంటూనే ఉండేవి ఈ చెవులు. ఇప్పటికీ అంతే. చిన్న చప్పుడైతే చాలు, ఎవరో నన్నే పిలుస్తున్నట్టు లేచి కూర్చుంటాను. ఇందులో ఎవరూ లేరేంటమ్మా! ఎంత హాయిగా ఉంది! ఇవి నాకిచ్చెయ్యి."

"మరి ఇల్లు?" అన్నాను నేను ముక్కు తుడుచుకుంటూ. ఇలాంటి మాటలు అప్పుడే అడిగేయాలి.

"ఇల్లెక్కడికి పోతుంది? ఇవి చెవులకుంటే నాకు ఆయన పాడినా ఒకటే, పైకప్పు కూలినా ఒకటే. ఉండండి, వాయించుకోండి." లేచి, కిటికీలో ఉన్న కత్తెర అందుకుంది. "ఈ తోకతో నాకేం పని?" అని వైరు కటుక్కున కత్తిరించి మా ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని పట్టుకుని, ఎవరో పోయినట్టు నిలబడ్డాడు.

ఇప్పుడు ఓనరమ్మతో ఏదైనా చెప్పాలంటే కిటికీ దగ్గర నిలబడి చేతులూపాలి. తలుపు కొట్టడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. మా ఆయన పైన హాయిగా, బాహాటంగా, స్పీకరుతో వాయిస్తున్నాడు. ఆయనకి గిటారు దక్కింది, ఆమెకి నిద్ర దక్కింది.

నిన్న సాయంత్రం నేను దిండు గలీబులు మడత వేస్తుంటే ఆయన వాయించడం హఠాత్తుగా ఆపి నన్ను చూశాడు. "నిజం చెప్పవే. నీకు విసుగ్గా ఉందా?"

"లేకేం? చచ్చేంత విసుగు."

"అయితే నీకూ ఒక జత చేసిపెడతాను. ఫోమ్ మిగిలింది, రెక్సిన్ కూడా ఉంది."

ఆ మాట ఎంత ప్రేమగా అన్నాడంటే, చేసిపెట్టేసేలాగే ఉన్నాడు. నాకు ఆ నాలుగు రోజులూ కళ్లముందు కదిలాయి. ఒకే గదిలో ఇద్దరం ఉండి, ఆయన ఒక్కడే ఎక్కడికో పోయిన నాలుగు రోజులు. చచ్చినా మళ్లీ వద్దనిపించింది.

"ఆ ఫోమ్ ముట్టుకున్నారంటే చేతులు విరిచేస్తాను," అన్నాను. "వాయించండి, వింటున్నాను."